ఒక్కసారే పిలవాలి

గోడ కట్టిన 94వ ఏడు, ఆషాఢం 3

పొద్దుటి నీటిమట్టం: గోడకు బయట పదకొండు అడుగులు, లోపల సున్నా. గోడ పొడిగా ఉంది.

ఈ రెండు వాక్యాలూ రాయనిదే రోజు పుస్తకం మొదలుపెట్టకూడదని ఊరిమీదికి సముద్రం రాకుండా ఆపే ఈ గోడను చూసుకునే మా గోడకాపు సంఘం నియమం. అందుకని రాశాను. నిజం చెప్పాలంటే గోడ పొడిగా ఉందో లేదో చూసింది నేను కాదు, పీతలు. పీతలంటే కూర వండుకునేవి కావు. మంచమంత వెడల్పున, ఎనిమిది కాళ్ళతో, గోడ బయటివైపు పట్టాల మీద పాకుతూ పాచి గీకి పగుళ్ళు పూడ్చే యంత్రాలు. మా తాతలు చేత్తో తడిమి చేసిన పనిని అవి కాళ్ళతో చేస్తాయి, మాకంటే బాగా చేస్తాయి. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

ఇవాళ వార్డు కచేరీ నుంచి ఉత్తరం వచ్చింది. ముప్పై ఏళ్ళ లోపు సభ్యులు ఇరవైమంది లేని సంఘాలన్నిటినీ కార్తీక పౌర్ణమికి రద్దు చేస్తారట. గోడ మీదున్న మా గంట గదిని పీతలకు ఛార్జింగ్ షెడ్డుగా ఇచ్చేస్తారట. మేమున్నది పదకొండుమందిమి. అందరిలోకీ కుర్రాడు పోలయ్య. వాడికి యాభై ఎనిమిది, రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాడు.

ఆషాఢం 5

మట్టం పది. గోడ పొడిగా ఉంది.

కొల్లాటి సింహాద్రి అనే నేను, ఇరవై రెండేళ్ళుగా ఈ సంఘానికి సెక్రటరీని, ఇవాళ సిగ్గు విడిచి కుర్రాళ్ళ వెంట పడ్డాను. రేవు దగ్గర టీ కొట్టు ముందు ఓ పదిమంది కూర్చుని ఉన్నారు. ఒకడితో ఒకడు మాట్లాడటం లేదు. ఎవడి తోడుతో వాడు గొణుక్కుంటున్నాడు. ఊళ్ళో పదేళ్ళు నిండిన ప్రతివాడి చెవిలోనూ తోడు అనే చిన్న యంత్రం ఉంటుంది. లేస్తే పలకరిస్తుంది, ఏడిస్తే ఓదారుస్తుంది, మనం తీరిగ్గా లేకపోతే మన బదులు అదే మాట్లాడుతుంది. గొంతు కూడా మనదే, దగ్గుతో సహా.

వాళ్ళలో కాస్త ముఖం ఎత్తి చూసినవాడు పెమ్మాడి లోవరాజు. ఇరవై రెండేళ్ళవాడు. వల అల్లే షెడ్డులో యంత్రాలకు కాపలా.

"మీ సంఘంలో చేరితే ఏమిస్తారు తాతా?" అన్నాడు.

"ఒక జోడుని ఇస్తాం" అన్నాను.

"వాడేం చేస్తాడు?"

"పిలిస్తే వస్తాడు."

వాడు చెవి మీద వేలితో తట్టి నవ్వాడు. "ఇది పిలవకుండానే ఉంటోంది కదా?"

నలభై ఏడేళ్ళుగా ఈ సంఘంలో ఉన్నాను, ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. టీ డబ్బులిచ్చి ఇంటికొచ్చేశాను.

ఆషాఢం 12

మట్టం పన్నెండు. గోడ పొడిగా ఉంది.

వారం రోజులు ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. మా ఆచారాలు మూడూ ఈ కాలానికి సరిపడవు. వాటిని మార్చాలి.

మొదటిది నీళ్ళ నిలుపు. కొత్తగా చేరేవాడు తన జోడు చెయ్యి పట్టుకుని గోడ బయటి మెట్ల మీద, పోటు మొదలైన దగ్గర్నుంచి నీళ్ళు ఛాతీ దాకా వచ్చి తిరుగుముఖం పట్టేదాకా నిలబడాలి. మూడు నాలుగు గంటలు. చెవిలో ఏమీ ఉండకూడదు. ఈ రోజుల్లో ఏ కుర్రాడు నిలబడతాడు? రెండోది గోడ నడక, అంటే గోడ పొడవునా చేత్తో తడిమి చూస్తూ నడవడం. పీతలు వచ్చాక అది ఎలాగూ షికారే. మూడోది పిలుపు. దాని గురించి కాస్త వివరంగా రాయాలి.

ప్రతి సభ్యుడి మెడలోనూ ఒక ఇత్తడి పిలుపుబిళ్ళ ఉంటుంది. నొక్కి పట్టి "రా" అంటే జోడు బిళ్ళలో వినిపిస్తుంది. జోడు "వస్తున్నా" అనాలి. అని, కట్టుకున్న బట్టలతో, ఉన్నవాడు ఉన్నట్టు బయలుదేరాలి. ఎందుకని అడగకూడదు. పిలిచినవాడు కూడా ఒక్కసారే పిలవాలి. వస్తున్నా అన్న మాట విన్నాక రెండోసారి పిలవడం గానీ, ఇంకొకరిని పిలవడం గానీ జోడుని అవమానించినట్టు.

నా జోడు గరికిన నూకరాజు. నన్ను వాడు తొమ్మిదిసార్లు పిలిచాడు, వాణ్ణి నేను పద్నాలుగుసార్లు. ఒకసారి పనసపండు కోసినందుకు పిలిచాడు. ఇంకోసారి మా పెద్దపిల్ల పోయిన మర్నాడు, గోడ చివర నిలబడి కిందికి చూస్తూ నేను పిలిచాను. రెండుసార్లూ ఇద్దరం ఒకేలా పరిగెత్తాం.

వస్తున్నా అని రానివాడికి ఏడో నియమం ఉంది. వాడు ఈ పుస్తకంలో తన చేత్తో "నేను రాలేదు" అని రాసి, పేరు పెట్టి, సంఘంలోంచి వెళ్ళిపోవాలి. పక్కన కారణం రాయకూడదు. పిలుపుకి ఎందుకు అన్నది లేనట్టే, రాకపోవడానికీ లేదు. తొంభై నాలుగేళ్ళలో ఆ మాట రెండేసార్లు రాశారు. ఈ పుస్తకంలో కొట్టివేతలు లేవు కాబట్టి అవి ఇంకా అలాగే ఉన్నాయి, చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంత కఠినమైన నియమం ఉంటే పిల్లలు ఎందుకొస్తారు? అందుకని బిళ్ళలన్నిటినీ తోడులకు కలిపించాను. ఇక జోడు పిలిస్తే తోడే వెంటనే "వస్తున్నా" అంటుంది, తర్వాత వీలు చూసుకుని మనిషికి గుర్తుచేస్తుంది. నియమం తప్పినట్టూ ఉండదు, ఎవరికీ ఇబ్బందీ ఉండదు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

నూకరాజుకి చెబితే ముఖం మాడ్చుకున్నాడు.

"నీళ్ళు తీసేత్తావ్. నడక తీసేత్తావ్. పిలుపు మిషన్‌కిచ్చేత్తావ్. ఇంకేం మిగిలిందిరా సంగంలో?"

"మనం మిగుల్తాం. గది మిగుల్తుంది."

"గదికేటిరా, పీతలు కూడా కూకుంటాయ్" అని లేచిపోయాడు.

మొండివాడు. చెవిలో తోడు పెట్టించుకోమని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, వినడు. పాత బిళ్ళే మెడలో వేసుకుని తిరుగుతాడు.

శ్రావణం 20

మట్టం పదకొండు. గోడ పొడిగా ఉంది.

ఇరవై ఆరుమంది! రాయడానికే ఆనందంగా ఉంది. లోవరాజు మొదట చేరాడు, వాడి వెనక షెడ్డు కుర్రాళ్ళు, వాళ్ళ వెనక మంచినీళ్ళ ప్లాంటు కుర్రాళ్ళు. జేబుకి పెట్టుకునే బిళ్ళ, గంట గదిలో మెత్తటి కుర్చీలు, శనివారం సినిమా. జోడులను తోడులే కలిపాయి, ఎవడి ఇష్టాలకి సరిపోయేవాణ్ణి వాడికి.

నెలలో మొత్తం పిలుపులు మూడువందల పన్నెండు. "వస్తున్నా" అన్న జవాబులు మూడువందల పన్నెండు. నూటికి నూరు. సంఘం చరిత్రలో లేదు. వార్డు కచేరీలో నమోదు అధికారి జానకీబాయి గారు ఆ లెక్క చూసి, "మిగతా సంఘాలవాళ్ళని మీ దగ్గరికి పంపుతానండీ, నేర్చుకుంటారు" అన్నారు. ఇంటికొచ్చి మా ఆవిడ మంగతాయారుకి ఆ మాట నాలుగుసార్లు చెప్పాను.

ఆవిడ చేప ముక్కలు కడుగుతూ, "అందరూ వస్తన్నా అంటన్నారు, బానే ఉందయ్యా. మరి మన వీధిలో ఒక్కడన్నా పరిగెత్తగా నేను సూళ్ళేదే?" అంది.

ఆడవాళ్ళకి సంఘం విషయాలు తెలియవని ఊరుకున్నాను.

భాద్రపదం 9

మట్టం పన్నెండున్నర. గోడ పొడిగా ఉంది.

ఏదో జరుగుతోంది. మూడు వారాలుగా కుర్రాళ్ళ తోడులు పట్టపగలు ఆగిపోతున్నాయి. ఒకటీ రెండూ కాదు, పదీ పన్నెండూ ఒకేసారి. మూడు నాలుగు గంటల తర్వాత మళ్ళీ పలుకుతున్నాయి. సెక్రటరీని కాబట్టి నా తోడు ఆ సంగతి నాకు చెబుతుంది. "సభ్యులు అందుబాటులో లేరు, సభ్యులు అందుబాటులో లేరు" అని చెవిలో ఒకటే పోరు.

గంట గదికి వెళ్ళి చూస్తే నేలంతా తడి పాదాల గుర్తులు. బల్ల కింద తాటాకు బుట్టలో తోడులన్నీ గవ్వల్లా పోసి ఉన్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తాగుడా? పేకాటా? చెవిలో యంత్రం వినకూడని పని మంచి పని ఎలా అవుతుంది? ఈ సంగతి కచేరీకి తెలిస్తే రద్దు పౌర్ణమి దాకా కూడా ఆగదు.

లోవరాజుని పట్టుకుని అడిగాను. "ఏం లేదు తాతా, ఈత" అన్నాడు. అబద్ధం చెప్పడం కూడా రాదు వెధవకి. ఈతకెళ్ళినవాడి జుట్టు తడవదా?

నూకరాజుని అడిగాను. ఆషాఢం తర్వాత వాడు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. "కుర్రోళ్ళు కదరా, వదిలెయ్" అని మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండింది.

ఆ పోరు పడలేక నా తోడుకి రెండు ఆజ్ఞలు ఇచ్చాను. ఒకటి, అందుబాటు కబుర్లు నాకు చెప్పొద్దు. రెండు, మధ్యాహ్నం భోజనం అయ్యాక నాలుగింటి దాకా ఏ సంగతీ చెప్పొద్దు, నిద్ర లేపొద్దు. అరవై ఆరేళ్ళవాడికి ఆ మాత్రం విశ్రాంతి ఉండాలి.

ఆశ్వయుజం 11

గోడ

నీటిమట్టం చూడలేదు.

మధ్యాహ్నం నిద్రపోయాను. నాలుగింటికి లేచాను. టీ తాగాను. తోడు తీరిగ్గా చెప్పింది, "నిద్ర వేళలో పిలుపులు: ఒకటి. గరికిన నూకరాజు. రెండు గంటల పది నిమిషాలకు. మీ తరఫున జవాబు ఇచ్చాను." చెప్పులు వేసుకుంటుంటే లోవరాజు వచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. చొక్కా మీద రక్తం. వాడిది కాదు.

"ఆస్పత్రికి రా తాతా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఇంతకంటే ఇవాళ రాయలేను.

ఆశ్వయుజం 12

మట్టం పన్నెండు. గోడ పొడిగా ఉంది.

రాయాలి. ఈ పుస్తకంలో దాచడానికి వీల్లేదు.

నిన్న మధ్యాహ్నం నూకరాజు గోడ బయటి మెట్ల మీద పాచి గీకుతున్నాడు. కాలు జారి పీత పట్టాల సందులో ఇరుక్కుంది. వెనకే వస్తున్న పీత ఆ కాలి మీదికెక్కి, అడ్డం ఉందని తెలుసుకుని, దాన్ని తయారుచేసినవాళ్ళు చెప్పినట్టే బుద్ధిగా ఆగిపోయింది. అడ్డం తీసేదాకా అది కదలదు. "పాచి ఎక్కువగా ఉంది, పని ఆగింది" అని తన నివేదికలో రాసుకుందట. అప్పటికే పోటు మొదలైంది.

వాడు బిళ్ళ నొక్కి "రా" అన్నాడు. "వస్తున్నా" అని నా గొంతు జవాబిచ్చింది.

ఇక వాడు ఇంకెవరినీ పిలవలేదు. గట్టిగా కేక వేసినా గోడ మీద నడిచేవాళ్ళు వినేవాళ్ళు. వెయ్యలేదు. వస్తున్నా అన్న మాట విన్నాడు కదా. నలభై ఏడేళ్ళలో నేను రాకుండా ఉన్నది లేదు కదా. కాలి మీద పీతతో, నడుము దాకా, ఛాతీ దాకా, గడ్డం దాకా నీళ్ళు వస్తుంటే అక్కడే కూర్చుని నా కోసం చూశాడు. గంటా యాభై నిమిషాలు.

లోవరాజూ ఇంకో పద్నాలుగుమందీ వేరే పని మీద ఆ మెట్ల దగ్గరికి వచ్చి చూశారు. నీళ్ళ మీద తల మాత్రమే కనిపిస్తోందట. వీళ్ళు కేకలు పెడుతూ దిగితే వాడేమన్నాడో లోవరాజు నాకు చెప్పాడు. చెప్పేటప్పుడు వాడు నా ముఖం చూడలేదు.

"కంగారు పడకండ్రా. మావోడు వత్తన్నాడు. వత్తన్నానన్నాడు" అన్నాడట.

ఎనిమిదిమంది కలిసి పీతని ఎత్తారు. రాత్రి ఆపరేషన్ చేసి ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

వాడి మంచం పక్కన నాకు ఏడుపు కూడా రాలేదు. అక్కడే కూర్చున్నాను. తెల్లవారి మెలకువ వచ్చి నన్ను చూసి అడిగాడు, "వచ్చావా?"

"నూకరాజూ, నేను వినలేదురా. అది తోడు. నేను పడుకున్నాను. అది నా గొంతుతో..."

"నీ దగ్గు కూడా ఇన్నాను రా" అన్నాడు.

తల గోడవైపు తిప్పుకున్నాడు. నా చెవిలోంచి తోడు పీకి ఆస్పత్రి కిటికీలోంచి విసిరేశాను. ఆ పని ఆషాఢంలో చేసి ఉండాల్సింది.

ఆశ్వయుజం 19

మట్టం పది. గోడ పొడిగా ఉంది. ఇవాళ చేత్తో తడిమి చూసి రాస్తున్నాను.

పద్నాలుగుమందితో మెట్ల దగ్గరికి ఎందుకొచ్చావని లోవరాజుని అడగలేదు. వాడే వచ్చి చెప్పాడు. గంట గదిలో మెత్తటి కుర్చీలున్నా నేల మీద కూర్చున్నాడు.

"శ్రావణంలో మా అమ్మ పోయింది తాతా. గుర్తుందా? మీరు సంఘం తరఫున పూలదండ పంపారు."

గుర్తుంది. దండ పంపమని నా తోడుకి చెప్పాను, అదే పంపింది.

"ఆ రోజు గోడ మీద బల్ల దగ్గర కూర్చుని జయంత్‌ని పిలిచాను. వాడు నా జోడు కదా. వస్తున్నా అన్నాడు. చీకటి పడేదాకా కూర్చున్నాను. మర్నాడు వాణ్ణి పట్టుకుని కొట్టాను. వాడికి అసలేం తెలీదు. పొద్దున లేచాక తోడు చెప్పిందట, నిన్న మీ తరఫున వస్తున్నా అన్నానని. వాడు కూర్చుని ఏడ్చాడు. ఇద్దరం ఏడ్చాం. అప్పుడు నూకరాజు తాత అటు వచ్చాడు."

మూడువందల పన్నెండుకి మూడువందల పన్నెండు. అందులో ఒకటి ఇది. మిగతావాటిలో ఎంతమంది ఎక్కడెక్కడ కూర్చుని ఎదురుచూశారో నేను ఎవరినీ అడగలేదు. నూటికి నూరని ఊరంతా చెప్పుకున్నాను.

"ఆ తాత మమ్మల్ని నీళ్ళలో నిలబెట్టాడు" అన్నాడు లోవరాజు. "నన్నూ జయంత్‌నీ ముందు. తర్వాత ఒక్కో జోడునీ. చెవుల్లో ఏమీ లేకుండా, చేతులు పట్టుకుని, నాలుగు గంటలు. మొదటి గంట ఒకడితో ఒకడికి ఏం మాట్లాడాలో తెలీలేదు తాతా. నవ్వొచ్చింది, తర్వాత చలి. తర్వాత జయంత్ వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదట, తోడుకి కూడా."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"మీరు తీసేశారు కదా. తెలిస్తే ఆపేస్తారని. నూకరాజు తాతే అన్నాడు, మావోడికి ఇప్పుడే చెప్పొద్దు, పౌర్ణమి దాటాక నేను చెప్తాను, వాడు సంతోషిస్తాడు అని."

తల పట్టుకున్నాను. ఈ పిల్లలు పారిపోతారని నేను ఏది తీసేశానో, దాన్ని దొంగతనంగా తెచ్చుకున్నారు. కుర్చీలూ సినిమాలూ నా కోసం భరించారు. నూకరాజు ఆ మెట్లు గీకింది వీళ్ళ కాళ్ళు జారకుండా. వాళ్ళకు పాచి తీస్తూ వాడి కాలు పోయింది. నేను పడుకున్నాను.

లోవరాజు లేచి వెళ్ళబోతూ ఆగాడు. "పౌర్ణమి సభలో ఏడో నియమం అడుగుతాం తాతా. ముందే చెప్పడం మర్యాద అని చెబుతున్నాను."

ఏడో నియమం ఎవరి మీద అని నేను అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న! వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు అర్థమైంది.

ఆశ్వయుజం 27

మట్టం పదకొండు. గోడ పొడిగా ఉంది.

ఇన్ని రోజులూ ఒకటే ఆలోచన. వీళ్ళు నన్ను తీసేయగలరా? ఈ సంఘాన్ని బతికించాలని తిరిగింది నేను. కచేరీ మెట్లెక్కింది నేను. వినపడని పిలుపుకి నేనెలా బాధ్యుణ్ణి? మంగతాయారుతో ఇదే అన్నాను, గట్టిగానే అన్నాను.

ఆవిడ నావైపు తిరిగింది. "మన పెద్దది పోయిన మర్నాడు నువ్వు పిలిస్తే నూకరాజన్నయ్య ఎలా వచ్చాడో గుర్తుందా? గెడ్డానికి సబ్బు నురగతో వచ్చాడయ్యా. సగం గీసుకుని సగం వదిలేసి."

గుర్తుంది. మర్చిపోయే సంగతి కాదు.

కార్తీకం 15, పౌర్ణమి

మట్టం పదమూడు. గోడ పొడిగా ఉంది. తడిమి చూశాను.

జానకీబాయి గారు పొద్దున్నే వచ్చి లెక్క చూశారు. ముప్పై లోపువాళ్ళు ముప్పై ఒక్కమంది. నూకరాజు సంగతి తెలిసి ఇంకో అయిదుగురు వాళ్ళంతట వాళ్ళే చేరారు, నీళ్ళలో నిలబడి మరీ. ఆవిడ సంతకం పెట్టి, "మీ జవాబుల లెక్క ఈసారి డెబ్బైకి అరవై నాలుగే ఉందేమండీ?" అని అడిగారు.

"వాళ్ళు నిజంగా వెళ్ళినవాళ్ళండీ" అన్నాడు లోవరాజు. "మిగతా ఆరుగురు ఊళ్ళో లేరు, లేమని చెప్పారు."

ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ఆవిడ వెళ్ళాక సభ. మెత్తటి కుర్చీలన్నీ బయట పెట్టేశారు. నేల మీద పాతవాళ్ళం, కొత్తవాళ్ళు కలిసి కూర్చున్నాం. నూకరాజుని చక్రాల కుర్చీలో నలుగురు మోసుకొచ్చారు. వాడి దుప్పటి కింద ఒకవైపు ఖాళీగా ఉంది. నాకు చూపు అక్కడి నుంచి తిప్పుకోవడం చాతకాలేదు.

ఏడో నియమం ప్రకారం జోడుని మూడు ప్రశ్నలు అడగాలి. అడిగినవాడు లోవరాజు.

"పిలిచావా?"

"పిలిచాను" అన్నాడు నూకరాజు.

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"వచ్చాడా?"

నేను వాడివైపే చూస్తున్నాను. ఎక్కడో మనసులో ఒక మూల, ఇప్పుడు కూడా, వాడు నన్ను కాస్తాడనే నమ్మకం ఉంది. నలభై ఏడేళ్ళు. పనసపండు. సబ్బు నురగ. వాడు కళ్ళు తుడుచుకున్నాడు.

"రాలేదు" అన్నాడు.

లేచి నిలబడి, "యంత్రం చేసిన పనికి..." అని మొదలుపెట్టాను. పోలయ్య నా చొక్కా పట్టి లాగాడు. నేను ఇంకా మాట్లాడబోతే లోవరాజు, "ఎందుకని మేం అడగలేదు కదా తాతా" అన్నాడు. కోపంగా కాదు. పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

చేతులెత్తమన్నాడు. ముప్పై ఒక్కమందీ ఎత్తారు. పాతవాళ్ళు తల వంచుకుని ఎత్తారు. చివరికి నేనూ ఎత్తాను. నలభై ఏళ్ళుగా మా తరంలో ఎవడికీ ఈ నియమం పట్టుకునే ధైర్యం లేదు. ఎన్ని పిలుపులు వృథాగా పోయాయో, ఒకరివొకరం ఎన్ని చూసీ చూడనట్టు వదిలేశామో మాకే తెలుసు. మీసాలు సరిగ్గా రాని ఈ పిల్లలు సెక్రటరీ మీదే పట్టుకున్నారు. అవమానంతో చచ్చిపోతానేమో అనిపించింది. అదే నిమిషంలో, ఈ సంఘం ఇంకో వందేళ్ళు ఉంటుందని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి ఎలా అనిపిస్తాయో నాకు తెలియదు.

సభ ముగిసింది. నేను మెడలోంచి పిలుపుబిళ్ళ తీసి నూకరాజు ఒళ్ళో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తీసేసినోడు మళ్ళీ కొత్తోడిలా నిలబడొచ్చని రూలుందా లేదా?" అని అడిగాడు.

"ఉంది. వచ్చే ఆషాఢం దాకా ఆగాలి. చెయ్యి పట్టుకునేవాడు దొరకాలి" అన్నాను.

"ఆషాడానికి పైమెట్టు మీద కుర్చీ ఎయ్యమంటాను. కాలు లేదు గానీ చెయ్యుంది కదరా" అన్నాడు. బిళ్ళ మాత్రం తిరిగి ఇవ్వలేదు. జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు అందరూ బయట మెట్ల మీద ఉన్నారు. ఇవాళ పౌర్ణమి, పోటు పెద్దది. ఇంకా నిలబడని అయిదు జోడులు నీళ్ళలో దిగుతున్నాయి, వాళ్ళ నవ్వులు ఇక్కడికి వినిపిస్తున్నాయి. రేపటి నుంచి ఈ పుస్తకం పెమ్మాడి లోవరాజు రాస్తాడు. కలం కొత్తది కొనిపెట్టాను, సిరా సీసా బల్ల సొరుగులో ఉంది. నాయనా లోవరాజూ, గోడ పొడిగా ఉందని రాసేముందు తడిమి చూడు.

ఇక మిగిలింది ఏడో నియమం మాట, దాని పక్కన ఏమైనా రాయాలని చెయ్యి లాగుతోంది. నిద్రపోయానని, వినలేదని, సంఘం కోసమే చేశానని. ఈ పుస్తకంలో కొట్టివేతలు లేవు, అందుకని రాసే ముందే మనసులో అన్నీ కొట్టేసుకున్నాను.

నేను రాలేదు.

కొల్లాటి సింహాద్రి